విమానాలు మోసిన సరుకు ఓడ: 'షా' నౌక చరిత్ర

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతానికి సముద్రంతో పొత్తు తక్కువ. ఒకప్పటి కృష్ణాజిల్లాలో పడమటి మెరకసీమ ఇది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. మునేరు, పాలేరు, వాటిని తనలో కలుపుకొనే కృష్ణ, ఇవే ఇక్కడివారు నిత్యం చూచే నీళ్లు. బందరు తీరం నూరు కిలోమీటర్లకు పైమాటే. అయినప్పటికీ ఈ కృష్ణ పేరు పెట్టుకొని రెండవ ప్రపంచయుద్ధంలో సముద్రం మీద తిరిగిన యుద్ధనౌక ఒకటి ఉండేది. ఆనాటి ఇంగ్లీషు కాగితాలలో జిల్లా పేరును ఎట్లా వ్రాసేవారో నౌక పేరునూ అట్లాగే 'కిస్ట్నా' అని వ్రాశారు. దానికి తోబుట్టువువంటి మరొక నౌక పేరు 'గోదావరి'. ఈ రెండూ బ్రిటనులో తయారై 1943 లో రాయల్ ఇండియన్ నేవీలో చేరిన స్లూపులు, అనగా వర్తకపు ఓడలకు తోడుగా వెళ్లి జలాంతర్గాములనుండి వాటిని కాపాడే చిన్న నౌకలు.

గోదావరికి 1944 ఆగస్టులో ఒక జర్మను జలాంతర్గామిని ముంచిన ఖ్యాతి దక్కినది. ఆ ఖ్యాతిలో భాగం పంచుకోవలసిన మరొక ఓడ ఉన్నది. దాని పేరు 'షా'. అది చూడ చక్కనిది కాదు, వేగం గలదీ కాదు. సరుకు ఓడ మీద ఒక పొడవాటి బల్లకప్పు వేసి, దాని మీద విమానాలు ఎక్కిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. అది వెదకి పట్టిన రెండు పేరుమోసిన శత్రునౌకలలో ఏ ఒక్కటీ దాని బాంబుకు మునగలేదు. అయినా అది లేకపోతే ఆ రెండూ దొరికేవి కావు. ఇటువంటి ఓడ ఎందుకు కావలసివచ్చినదో తెలియాలంటే ఆంధ్రతీరం దగ్గరనుండే కథ మొదలుపెట్టవలె.

1942 ఏప్రిల్ 6 వ తేదీన విశాఖపట్టణం, కాకినాడ రేవులమీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ విమానాలు బర్మానుండి వచ్చినవి కావు. బంగాళాఖాతంలో తిరుగుతున్న 'ర్యూజో' అనే విమానవాహక నౌకనుండి లేచినవి. ర్యూజో పెద్ద ఓడ కూడా కాదు. సుమారు పదివేల టన్నులది. పడిన బాంబులు కొద్ది, చనిపోయినవారూ కొద్దిమందే. కాని దాని ఫలితం బాంబులతో పోల్చితే ఎన్నో రెట్లు. విశాఖపట్టణం చాలావరకు ఖాళీ అయినది. ప్రజలు మూటాముల్లె సర్దుకొని లోపలి గ్రామాలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలినది. అంతకు ముందటి ఏడు, 1941 జూన్ 21 న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా ఓడల కార్ఖానా పని నిలిచిపోయినది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు కూడా లోతట్టు ఊళ్లకు పోయాయి.

అదే సమయంలో ర్యూజో, దానితో వచ్చిన క్రూయిజర్లు కలిసి కొద్ది రోజుల వ్యవధిలో ఇరవైకి పైగా వర్తకపు ఓడలను బంగాళాఖాతంలో ముంచాయి. వాటిని అడ్డగించేందుకు బ్రిటిషువారికి ఆ నీళ్లలో విమానాలున్న ఓడ ఒక్కటీ లేదు. లంక దగ్గర ఉన్న 'హెర్మిస్' అనే విమానవాహక నౌక ఏప్రిల్ 9 న మునిగిపోయినప్పుడు దానిమీద విమానాలే లేవు. ఇదొక విచిత్రమైన దుస్థితి. తీరం పొడవునా సైన్యాన్ని నిలిపినా, సముద్రంలో వందల కిలోమీటర్ల దూరాన ఏమి జరుగుతున్నదో చూచే కన్ను లేనప్పుడు ఆ సైన్యం వేచి ఉండడం తప్ప చేయగలిగినది లేదు. ర్యూజో మాత్రం ఎక్కువకాలం బ్రతకలేదు. విశాఖ మీద బాంబులు వేసిన 140 వ రోజున, అనగా 1942 ఆగస్టు 24 న, సాలమన్ దీవుల దగ్గర అమెరికా విమానవాహక నౌక 'సారటోగా' విమానాల దెబ్బకు మునిగిపోయినది.

పెద్ద విమానవాహక నౌకను కట్టడానికి సంవత్సరాలు పడుతుంది. సముద్రంలో వర్తకపు ఓడల వరుసలు వందలకొద్దీ నడుస్తున్నాయి. ప్రతి వరుసకూ ఒక పెద్ద నౌకను తోడిచ్చే శక్తి ఏ దేశానికీ లేదు. అందుచేత సరుకు ఓడనే విమానవాహక నౌకగా మార్చాలనే ఆలోచన పుట్టినది. బ్రిటిషువారు మొదట 1941 లో జర్మనులనుండి పట్టుకొన్న 'హనోవర్' అనే ఓడ పైభాగాన్ని చదును చేసి 'ఆడాసిటీ' అని పేరు పెట్టారు. అందులో విమానాల కొట్టు కూడా లేదు. ఆరు యుద్ధవిమానాలు ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ పైననే ఉండేవి. అది ఆ సంవత్సరం డిసెంబరులోనే జలాంతర్గామి టార్పిడోకు బలి అయినా, చేసిన కొద్దిపాటి పనితోనే తన విలువను నిరూపించినది. ఆ తరువాత అమెరికా ఓడల కార్ఖానాలు ఈ రకం నౌకలను వరుసగా తయారుచేయసాగాయి. వాటికే ఎస్కార్టు కారియర్లని పేరు. తెలుగులో 'తోడునౌక' అంటే సరిపోతుంది. అరువు-కౌలు ఒప్పందం కింద బ్రిటనుకు అటువంటివి దాదాపు నలభై లభించాయి. చౌకవస్తువుల దుకాణం పేరుతో వాటిని 'వూల్‌వర్త్ కారియర్లు' అని నావికులు వేళాకోళం చేసేవారు.

షా వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా పట్టణంలో తయారైనది. 1942 నవంబరులో పని ప్రారంభమై, 1943 ఏప్రిల్‌లో నీటిలో దిగి, సెప్టెంబరు 27 న బ్రిటిషు నౌకాదళానికి చేరినది. మొదట అమెరికావారు దానికి 'జమైకా' అని పేరు పెట్టారు. బ్రిటిషువారు ఆ తరగతి ఓడలలో చాలావాటికి ఏలికల పేర్లు పెట్టారు: షా, బేగం, రాణీ, రాజా, అమీర్, నవాబు. భారతదేశంలో నిజమైన రాజులూ నవాబులూ తమ అధికారం చివరిదినాలు గడుపుతున్న సమయంలో వారి బిరుదులు టకోమాలో రేకులమీద ఎక్కడం కాలం చేసిన చమత్కారం.

ఓడ పొడవు సుమారు 150 మీటర్లు. బరువు 11 వేల టన్నులకు పైన. ఇరవై వరకు విమానాలు పట్టేవి. యంత్రం మాత్రం సరుకు ఓడదే. ఒకే చుక్కాని రెక్క, ఒకే మర. అత్యధిక వేగం 18 నాట్లు, అనగా గంటకు 33 కిలోమీటర్లు. నందిగామనుండి జగ్గయ్యపేటకు సుమారు 30 కిలోమీటర్లు. షా తన బలమంతా ఉపయోగించి పరుగెత్తినా ఆ దూరానికి గంట పట్టేది. దానిమీద నుండే అవెంజరు విమానమైతే తాపీగా ఎనిమిది నిమిషాలలో చేరుతుంది.

ఈ నెమ్మది నడకలోనే ఒక చిక్కు ఉన్నది. విమానం లేవాలంటే రెక్కలకు ఎదురుగా గాలి కొంత వేగంతో రావలె. ఆ గాలి ఎక్కడిదైనా ఫరవాలేదు. బరువుతో నిండిన అవెంజరుకు సుమారు 70 నాట్లు కావలె. ఓడ గాలికి ఎదురుగా 18 నాట్లతో పోతూ, గాలి మరొక 10 నాట్లతో వీస్తుంటే 28 నాట్లు ఉచితంగా లభించినట్లే. మిగిలిన 42 నాట్లను విమానం తన పరుగుతోనే తెచ్చుకోవలె. పెద్ద విమానవాహక నౌకలకు 30 నాట్ల వేగం ఉంటుంది గనుక వాటికి బాధ తక్కువ. షా బల్లకప్పు పొడవే 140 మీటర్లకు లోపు; అందులో సగం వెనుక నిలిపిన విమానాలకే సరి. పైగా భూమధ్యరేఖ దగ్గరి హిందూమహాసముద్రంలో ఆకు కదలని రోజులు తరచు వస్తాయి. అందుచేత విమానాన్ని ముందుకు విసిరే ఒక యంత్రాన్ని అమర్చారు. వడిసెలలో రాయి ఉంచి విసిరినట్లు అది విమానాన్ని కొద్ది మీటర్లలోనే కావలసిన వేగానికి తెస్తుంది. షా జీవితంలో ఈ వడిసెల యంత్రమే ఒకసారి మొరాయించినది. ఆ సంగతి ముందుకు వస్తుంది.

ఇంత బలహీనమైన ఓడవల్ల లాభమేమిటి? విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. కన్ను ఉన్న ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.57 తో గుణిస్తే క్షితిజం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదో తెలుస్తుంది. ఓడస్తంభం మీద 20 మీటర్ల ఎత్తున నిలిచినవాడికి 16 కిలోమీటర్లు. వేయి మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి 113 కిలోమీటర్లు. చూపుకు అందే వైశాల్యం ఎత్తుకు అనులోమానుపాతంలో ఉంటుంది గనుక విమానం ఏభైరెట్ల సముద్రాన్ని చూడగలదు. ఆ విమానం కదులుతూ కూడా ఉంటుంది. నిజానికి అంత దూరంలో జలాంతర్గామి వంటి చిన్న వస్తువు కంటికి ఆనదు. అయితే అవెంజరులో రాడారు ఉన్నది.

హిందూమహాసముద్రంలో ఈ చూపు ఎంత అవసరమో 1944 ఫిబ్రవరి 12 న తేలినది. మొంబాసానుండి కొలంబో వస్తున్న 'ఖెదీవ్ ఇస్మాయిల్' అనే సైనికుల ఓడను మాల్దీవుల దగ్గర జపాను జలాంతర్గామి కొట్టినది. ఓడ రెండు నిమిషాలలో మునిగినది. దాదాపు 1,300 మంది చనిపోయారు. వారిలో నర్సులు కూడా ఎందరో ఉన్నారు. తోడుగా యుద్ధనౌకలు ఉన్నాయిగాని పైన విమానం లేదు. 1943 నుండి పెనాంగు రేవును స్థావరంగా చేసుకొని జర్మను జలాంతర్గాములు కూడా ఈ సముద్రంలో తిరుగుతున్నాయి. వాటికి చమురు అందించే 'బ్రేక్' అనే ఓడను మార్చి 12 న 'బాట్లర్' అనే తోడునౌక విమానాలు కనిపెట్టగా, ఒక విధ్వంసకనౌక వెళ్లి దాని పని ముగించినది. ఈ పద్ధతినే తరువాత షా పెద్ద ఎత్తున నడిపినది.

షా 1944 తొలి నెలలలో 851 వ దళపు అవెంజరు విమానాలతో హిందూమహాసముద్రం చేరినది. ఆగస్టులో యు-198 అనే జర్మను జలాంతర్గామి ఆఫ్రికా తూర్పుతీరం దగ్గర వరుసగా రెండు బ్రిటిషు సరుకు ఓడలను ముంచినది. దానిని వెదకేందుకు షా, బేగం అనే రెండు తోడునౌకలు, వాటితో కొన్ని ఫ్రిగేట్లు, గోదావరి స్లూపు బయలుదేరాయి. పదవ తేదీన షా విమానం ఒకటి జలాంతర్గామిని చూచినది. అది వెంటనే నీటిలోకి దిగిపోయినది.

దిగిపోతే తప్పించుకొన్నట్లేనని తోచవచ్చును. అది నిజం కాదు. ఆనాటి జలాంతర్గామి నీటిపైన డీజిలు యంత్రంతో వేగంగా పోగలదు. నీటికింద బ్యాటరీల మీదనే నడవవలె. ఆ బ్యాటరీలు చాలాసేపు రావాలంటే నాలుగు నాట్లకు మించి పోకూడదు. అంటే కనబడిన గంట తరువాత అది ఏడెనిమిది కిలోమీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ఎక్కడో ఉన్నది. ఒక రోజు గడిస్తే ఆ వ్యాసార్ధం 178 కిలోమీటర్లవుతుంది. పైన విమానాలు తిరుగుతున్నంతసేపు అది తలెత్తలేదు. తలెత్తకపోతే బ్యాటరీలకు శక్తి ఎక్కించుకోలేదు. పశువుల కాపరులు పొలంలో దూరిన తోడేలును నలువైపులా నిలిచి అలయగొట్టినట్లు, విమానాలు దానిని అలయగొట్టాయి. పన్నెండవ తేదీన సీషెల్స్ దీవుల దగ్గర 'ఫైండ్‌హార్న్' ఫ్రిగేటు, గోదావరి కలిసి ధ్వని ప్రతిధ్వనితో దాని ఉనికిని పట్టుకొని ముంచివేశాయి. అందులోని 66 మందిలో ఒక్కరూ మిగలలేదు.

గోదావరి నావికులు భారతీయులు. పరాయి ప్రభుత్వపు జెండా కింద పనిచేసినా పనిలో లోటు చేయలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1946 ఫిబ్రవరిలో, ఇదే నౌకాదళపు నావికులు బొంబాయిలో ఆ ప్రభుత్వం మీదనే తిరగబడ్డారు. దేశవిభజనలో గోదావరి నౌక పాకిస్తాను వాటాకు పోయి 'సింధు' అయినది. 1945 లో అరకాను తీరపు పోరాటాలలో పాల్గొన్న కిస్ట్నా మాత్రం భారతదేశానికి దక్కి, దీర్ఘకాలం సేవ చేసినది.

1945 ఏప్రిల్ చివర బ్రిటిషు సైన్యాలు సముద్రమార్గాన రంగూను మీదికి పోతుండగా, షా 'ఎంప్రెస్' అనే మరొక తోడునౌకతోను, రెండు పెద్ద యుద్ధనౌకలతోను కలిసి కార్ నికోబారు, పోర్టు బ్లెయిర్‌లలోని జపాను స్థావరాలమీద దాడికి వెళ్లినది. మూడేళ్ల క్రిందట ఆంధ్రతీరం ఏ సముద్రం వైపు చూచి భయపడినదో, ఆ సముద్రంలోనే ఇప్పుడు జపాను దండులు చిక్కుపడిపోయాయి. వాటికి తిండిగింజలు చేర్చడం కూడా జపానుకు గగనమైనది. ఆ పని మీదనే 'హగురో' అనే భారీ క్రూయిజరు అండమాను వైపు బయలుదేరినది.

హగురో కోసం జరిగిన వేట మే నెల మధ్యలో. షాకు అవెంజర్లు ఉన్నాయి. దూరం పోయి వెదకగలిగినవి అవే. సరిగా ఆ సమయానికే షాలోని వడిసెల యంత్రం పనిచేయడం మానివేసినది. 18 నాట్ల ఓడకు ఆ యంత్రం లేకపోతే అవెంజర్లు బొమ్మలతో సమానం. అప్పుడు నాయకులు చేసినది తెలివైన పని. విమానాలను పక్కనే ఉన్న 'ఎంపరర్' అనే తోడునౌకకు మార్చి అక్కడనుండి ఎగురవేశారు. 15 వ తేదీ పగలు ఆ విమానాలలో ఒకటి మలక్కా జలసంధి ముఖద్వారం దగ్గర హగురోను కనిపెట్టినది. ఆ మధ్యాహ్నం మూడు అవెంజర్లు రానుపోను ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఎగిరి బాంబులు వేసి వచ్చాయి. బాంబులవల్ల హగురోకు పెద్ద దెబ్బ తగలలేదు. కాని ఎక్కడ ఉన్నదో, ఎటు పోతున్నదో తెలిసిపోయినది. అయిదు విధ్వంసకనౌకలు దానికోసం వలపన్ని కూర్చున్నాయి.

ఆ రాత్రి మరొక వింత జరిగినది. 'వీనస్' అనే విధ్వంసకనౌక రాడారులో 34 నాటికల్ మైళ్ల దూరాన, అనగా 63 కిలోమీటర్ల అవతల, ఒక గుర్తు కనబడినది. ఆ రాడారు సాధారణంగా ఓడలను అంత దూరంలో చూడలేదు. మొదట ఎవరూ నమ్మలేదు. మేఘమేదో అయి ఉంటుందన్నారు. గుర్తు మాత్రం తెరమీద నిలకడగా దగ్గరకు వస్తూనే ఉన్నది. ఇది ఎట్లా సాధ్యమయినది? మే నెల ఎండలో నందిగామ రోడ్డు మీద దూరాన నీళ్లు నిలిచినట్లు కనబడడం అందరూ ఎరిగినదే. రోడ్డునంటిన గాలి వేడెక్కి పలుచబడడంవల్ల కాంతికిరణం పైకి వంగుతుంది. ఉష్ణమండల సముద్రం మీద దీనికి తలక్రిందుగా జరుగుతుంది. నీటినంటిన గాలిలో తేమ అధికం. పైకి పోయినకొద్దీ అది చురుకుగా తగ్గుతుంది. అప్పుడు రాడారు తరంగాలు క్రిందికి వంగి, భూమి వంపుననుసరించి క్షితిజానికి అవతలికి పోతాయి. ఒకటి లేని నీటిని చూపే మాయ. రెండవది ఉన్న ఓడను చూపిన మాయ. పెనాంగుకు నైరుతిగా, 16 వ తేదీ తెల్లవారుజామున, టార్పిడోల దెబ్బకు హగురో మునిగినది. దానితోబాటు దాదాపు 900 మంది పోయారు.

యుద్ధం ముగిసిన తరువాత అరువు తీర్చివేసే వేళ వచ్చినది. 1945 డిసెంబరు 6 న షాను నార్‌ఫోక్ రేవులో అమెరికాకు తిరిగి అప్పగించారు. విమానవాహక నౌకగా దానితో ఇక ఎవరికీ అవసరం లేదు. దానివంటి ఓడలు అనేకం బల్లకప్పు ఊడదీసుకొని మళ్లీ సరుకు ఓడలయ్యాయి. షాను 1947 లో అర్జెంటీనా కంపెనీ ఒకటి కొని, ప్రయాణికుల ఓడగా మార్చి, 'సాల్టా' అని పేరు పెట్టినది. 'ట్రాకర్' అనే మరొక తోడునౌక కూడా అట్లాగే 'కొరియెంటెస్' అయినది. యుద్ధంలో చితికిన ఇటలీనుండి బ్రతుకుతెరువుకోసం దక్షిణ అమెరికాకు వలసపోయే కుటుంబాలను అవి మోశాయి. ఒకప్పుడు బాంబులు నింపిన అవెంజర్లు నిలిచిన చోట పిల్లల ఉయ్యాలలూ, ట్రంకుపెట్టెలూ చేరాయి.

1963 డిసెంబరు 22 రాత్రి అట్లాంటిక్ సముద్రంలో, మదీరా దీవికి ఉత్తరంగా, 'లకోనియా' అనే గ్రీకు విహారనౌకలో నిప్పు అంటుకొన్నది. క్రిస్మసు సెలవులకు సౌతాంప్టన్‌నుండి బయలుదేరిన ఆ ఓడలో ప్రయాణికులు, సిబ్బంది కలిసి వేయిమందికి పైగా ఉన్నారు. క్షౌరశాలలో మొదలైన మంట గంటలలో ఓడంతా వ్యాపించినది. ప్రాణరక్షణ పడవలు కొన్ని తుప్పుపట్టిన కొంకులలో ఇరుక్కుపోయి దిగనే లేదు. దిగినవాటిలో కొన్ని సగం నిండకుండానే పోయాయి. ఆపదసంకేతం అందుకొన్న ఓడలలో జెనోవానుండి బ్యూనస్ ఎయిర్స్ పోతున్న సాల్టా ఒకటి. తెల్లవారక ముందే, అందరికంటె మొదట, అది అక్కడికి చేరినది.

ఈసారి వెదకడానికి విమానాలు లేవు. తగలబడుతున్న ఓడ వెలుగులో చీకటినీళ్ల మీద చెదరిపోయిన పడవలను ఒక్కొక్కటిగా దగ్గరకు తీసుకొని, చలికి కొయ్యబారినవారిని నావికులు పైకి చేర్చారు. తరువాత వచ్చిన 'మాంట్‌కామ్' అనే బ్రిటిషు ఓడ మరికొందరిని ఎక్కించుకొన్నది. 128 మంది చనిపోయారు. వారిలో మంటకంటె చలికీ నీటికీ బలి అయినవారే ఎక్కువ. సాల్టా ఒక్కటే 475 మందిని కాపాడినది. మూడేళ్లకు, 1966 లో, దానిని బ్యూనస్ ఎయిర్స్‌లో ముక్కలుగా విడగొట్టి ఇనుముగా అమ్మివేశారు.